అంటు, ముట్టు, దూరం

తెలుగులో రోగానికీ, కులానికీ, ఆడవాళ్ల చాకిరీకీ ఒకే మాట సరిపోయింది. అంటువ్యాధిలో ఉన్నదీ అంటరానితనంలో ఉన్నదీ అదే 'అంటు'. తిని వదిలిన గిన్నెలు అంట్లు. వాటిని తోమేది ఆడవాళ్లు. ముట్టు అంటే తాకడం, ముట్టు అంటే నెలసరి కూడా. భాషలో ఇవన్నీ ఊరికే ఒకచోట చేరవు. ఎవరిని తాకొచ్చు, ఎవరిని తాకకూడదు అనే లెక్క మీద నడిచిన సమాజం తన భయాలన్నిటినీ ఒకే మూటలో కట్టుకుంది. 2020 మార్చిలో ఆ మూటలోకి ఇంకో మాట వచ్చి చేరింది: సామాజిక దూరం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ నెలలోనే 'భౌతిక దూరం' అనడం మొదలుపెట్టింది. మనుషులు ఒంటికి దూరంగా ఉండాలి గానీ ఒకరికొకరు దూరం కాకూడదని దాని ఉద్దేశం. కానీ మన టీవీల్లో, గోడల మీది పోస్టర్లలో 'సామాజిక'మే నిలబడిపోయింది. మార్కాపురం పక్కన మా అమ్మ పుట్టిన మాదిగపల్లెలో మా పెద్దమ్మ ఆ మాట విని, "ఇది మనకి చెప్తన్నారా, మన దగ్గర నేర్చుకుని చెప్తన్నారా?" అంది. నవ్వుతూనే అంది. నేను మాత్రం నవ్వి ఊరుకోలేకపోయాను.

మంచి మనసుతో అడిగిన దూరమూ, అవమానించడానికి పెట్టిన దూరమూ చూపుకి ఒకటే. ఆరడుగులు ఆరడుగులే. తరతరాలుగా దూరం పెట్టిన మనుషుల్ని మళ్లీ దూరంగా ఉండమని అడగడం ఎప్పుడు న్యాయమవుతుంది? అడిగేవాళ్ల ఉద్దేశం మంచిదైతే చాలా? కారణం శాస్త్రీయమైతే చాలా? దీని వెనకే ఇంకో ప్రశ్న ఉంది. చేయి కలపడం, ఒక రొట్టె తుంచుకోవడం, ఒక బల్ల చుట్టూ చేరడం ద్వారా విశ్వాసం అందుకున్న సంఘం, అవన్నీ మానుకుని కూడా అదే సంఘంగా మిగులుతుందా?

ఈ ప్రశ్నలకి దేవశాస్త్రంలో జవాబులు వెతకొచ్చు. నేను సాహిత్యం చదువుకున్నదాన్ని గనక మాటల్లోనూ మనుషుల్లోనూ వెతుకుతున్నాను. 2020 మార్చి మూడో వారంలో నాలుగు రోజులుందామని మార్కాపురం వచ్చి లాక్‌డౌన్‌లో అక్కడే చిక్కుబడిపోయాను. ఆ తర్వాత 2021లోనూ, అడపాదడపా ఇప్పటిదాకానూ, మా పెద్దమ్మ వాళ్ల గుడిని దగ్గరగా చూస్తూ వచ్చాను. మా వైపు చర్చిని గుడి అనే అంటారు.

పశ్చిమ ప్రకాశం అని మేం పిలుచుకునే ఈ నేల చాలాకాలం కర్నూలు జిల్లాలో ఉండేది. 1970లో కొత్త జిల్లాలోకి వచ్చింది. నల్లమల కింద, పలకల రాయి, కంది, మిరప, కరువు. గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి, కంభం చెరువు నింపి, మార్కాపురం మీదుగా ఒంగోలు వైపు పోతుంది. ఇక్కడి క్రైస్తవం ఆ నదికి ఎదురు నడిచి వచ్చిందని చెప్పొచ్చు. అమెరికన్ బాప్టిస్టులు ఒంగోలులో 1866లో స్థిరపడి, 1882లో కంభంలో, 1895లో మార్కాపురంలో మిషన్లు పెట్టారు. గిద్దలూరు వైపు ఆంగ్లికన్ల ప్రాబల్యం. ఆ సంఘాలు ఇప్పుడు సి.ఎస్.ఐ. నంద్యాల అధ్యక్ష మండలంలో ఉన్నాయి. బాప్టిస్టుల్లో ఎక్కువమంది మాదిగలు, అటువైపు ఎక్కువగా మాలలు. ఒకే ఊళ్లో రెండు పల్లెలకి రెండు గుళ్లు ఉండటం మా దగ్గర వింత కాదు. దూరం గురించి మాట్లాడుతూ ఈ దూరాన్ని దాచిపెడితే తక్కినదంతా అబద్ధమవుతుంది. అందుకే ముందే చెప్పేస్తున్నాను.

విపత్తులో గుడి తలుపు మూయడం ఇక్కడ 2020లోనే మొదలు కాదు. 1876-78 ధాత కరువు కాలంలో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇవ్వమని వచ్చినవాళ్లను ఏడాదికి పైగా వెనక్కి పంపుతూ వచ్చాడు. గింజల కోసం మతం మారారనే మాట రాకూడదని. కరువు తగ్గాక 1878 జూలై మొదటి వారంలో, ఒంగోలుకి ఉత్తరాన వెలుంపల్లి దగ్గర గుండ్లకమ్మలో మూడు రోజుల్లో 3536 మందికి బాప్తిస్మాలు జరిగాయి. జూలై 3 ఒక్కరోజే 2222. సంఘాల చరిత్రలన్నీ ఈ అంకెని గొప్పగా చెబుతాయి. నాకు ఆ అంకె కన్నా దాని ముందున్న ఎదురుచూపు ముఖ్యం.

ఎందుకంటే అక్కడ దూరం పెట్టినవాడు ఒకడు, ఎదురుచూసినవాళ్లు వేరొకరు. క్లౌ కారణం చెడ్డదని నేననను. అన్నంతో ముడిపెట్టి అడిగే విశ్వాసంలో బలవంతం ఉంటుందని అతను గ్రహించాడు. ఇవ్వాళ మత మార్పిడుల మీద అరిచే చాలామందికి లేని సున్నితత్వం అది. కానీ ఆకలితో ఉన్న మనిషి దేవుణ్ణి నిజంగా కోరుకోలేడని, కడుపు నిండాకే ఆ కోరిక స్వచ్ఛమవుతుందని అనుకోవడంలో ఒక పెద్దరికం ఉంది. మన కోరికల నిజాయితీని ఇంకొకరు తూచడం. ఆడవాళ్లకిది బాగా తెలిసిన అనుభవం: నీకేం కావాలో నువ్వు చెప్పినా, నీకది నిజంగా కావాలో వద్దో వాళ్లు చెబుతారు. ఆ కరువులో నదిదాకా రాకుండానే పోయిన ఆడవాళ్లు ఎంతమందో ఏ రిజిస్టరులో ఉంటుంది? (క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1898లో మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ గురించి, స్త్రీల హక్కుల గురించి ఒక పుస్తకం, 1899లో చెప్పులు కుట్టే మాదిగల కథలతో ఒక పుస్తకం అచ్చువేసింది. ఒకే చెయ్యి, వరసగా రెండేళ్లు. మన స్త్రీవాద చరిత్రల్లో ఈ రెండు పుస్తకాల్ని పక్కపక్కన పెట్టి చదివినవాళ్లు నాకు ఎదురుపడలేదు. ఎవరైనా పూనుకోవాలి.)

2020కి వస్తే, మార్చి 22 ఆదివారం. జనతా కర్ఫ్యూ. ఆ ఊళ్లో ఎవరికీ గుర్తున్నంతలో ఆరాధన లేని మొదటి ఆదివారం. 24 అర్ధరాత్రి నుంచి దేశమంతా మూతపడింది. ఏప్రిల్ 5 మట్టల ఆదివారం. నెల మొదటి ఆదివారం గనక బల్లారాధన కూడా ఆరోజే. 10న గుడ్ ఫ్రైడే, 12న ఈస్టర్. ఏడాదంతా గుడికి రానివాళ్లు కూడా వచ్చే వారం అది.

మూసేద్దామని మొదట అన్నది అయ్యగారు కాదు, పెద్దలూ కాదు. స్త్రీల సమాజం. ఇది ప్రత్యేకంగా చెప్పాలి. సంఘ పెద్దల్లో ఒకాయన, "దేవుడి మీద నమ్మకమున్నోడికి ఏ రోగమూ రాదు, ముసుగేసుకుని అయినా కూడుకుందాం" అన్నాడు. ఆ రోజుల్లో యూట్యూబులో అట్లాంటి ప్రసంగాలు నడుస్తున్నాయి. నగరాల్లో కూర్చుని, కెమెరా ముందు ఒక్కళ్లే నిలబడి, ఊళ్లవాళ్లని ధైర్యంగా ఉండమనే బోధకులవి. మా పెద్దమ్మ ఒకప్పుడు బైబిలు స్త్రీ. గడప గడపకీ నడిచి వాక్యం చెప్పినామె. ఆమె ఇట్లా అంది: "నీ నమ్మకం నువ్వు చూసుకోవాలంటే నీ ఒంటి మీద చూసుకో అబ్బాయ్. నా ఒంటి మీద చూడబాక."

ఈ మాటలో ఉన్న నీతిశాస్త్రం ఎంత గట్టిదో తర్వాత చదువుతుంటే తెలిసింది. 1527లో విట్టెన్‌బర్గ్‌లో ప్లేగు వచ్చినప్పుడు మార్టిన్ లూథర్ ఇదే విషయం మీద ఉత్తరం రాశాడు. పారిపోకుండా ఉండి రోగులకి సేవ చేశాడాయన. అయినా మందు వద్దని, జాగ్రత్త వద్దని తిరిగేవాళ్లది విశ్వాసం కాదనీ, దేవుణ్ణి శోధించడమనీ అన్నాడు. లూథర్ తర్కం దేవుడి వైపు నుంచి నడుస్తుంది. మా పెద్దమ్మది పొరుగింటావిడ వైపు నుంచి. అంటువ్యాధిలో నేను తెగించడం అనేదే ఉండదు, నేను తెగిస్తే పక్కనున్నావిడ తెగించినట్టు. ఆమెను అడగకుండా ఆమె ప్రాణాన్ని నా విశ్వాసానికి సాక్ష్యంగా పెట్టడమది. ఇంట్లో మగవాడి త్యాగాలన్నీ ఆడదాని ఖాతాలోంచి జరగడం చూసినవాళ్లకి ఈ లెక్క కొత్తగా నేర్పక్కర్లేదు.

అప్పుడొక తేడా నాకు స్పష్టమైంది. పల్లెని ఊరికి దూరంగా పెట్టినప్పుడు, పెట్టినవాళ్లు ఆ దూరం కింద బతకలేదు. మార్చిలో స్త్రీల సమాజం అడిగిన దూరం మొదట అడిగినవాళ్లకే వర్తించింది. గుడి వాళ్ల ప్రాణం. వారానికి ఒక్కసారి ఉతికిన చీర కట్టుకుని, ఎవరి చేలోకీ కాకుండా తమ చోటికి తాము నడిచిపోయే దారి అది. దాన్ని వాళ్లే వదులుకున్నారు.

కానీ వదులుకుని ఊరుకోలేదు. పల్లెలో సగం ఇళ్లలో పెద్ద ఫోను లేదు. ఉన్నచోట అది కొడుకు చేతిలోనో మొగుడి చేతిలోనో ఉంది. అయ్యగారు వాట్సాప్‌లో పంపిన ప్రసంగం ఆడవాళ్లకి చేరింది తక్కువ. చిన్న ఫోన్లలో ఒకేసారి ఐదారుగురు మాట్లాడుకునే వీలుందని ఇంటర్ చదివే పిల్లొకతి కనిపెట్టి చెప్పింది. దాంతో సంఘాన్ని ఐదేసిమంది గుంపులుగా విడదీశారు. ప్రతి గుంపుకీ ఒక ఆడమనిషి పూచీ. రాత్రి ఎనిమిదిన్నరకి, అన్నాలయ్యాక.

ఐదుగురి ఫోనులో పుల్‌పిట్ ఇమడదు. ఒకరు అరగంట ప్రసంగిస్తే మిగతా నలుగురూ నిద్రపోతారు, లేకపోతే "వినపడతందా?" అని మధ్యలో అడుగుతారు. కాబట్టి ప్రసంగం సంభాషణ అయింది. ఇరవయ్యేళ్లుగా గుళ్లో వెనక వరసలో చాప మీద కూర్చుని ఒక్కసారి కూడా నోరెత్తి ప్రార్థన చేయని ఒకామె, ఆ ఫోనులో మొదటిసారి ప్రార్థన చేసింది. గుళ్లో ఎందుకు చేయలేదంటే, "ఆడ అందరూ చూస్తారు. ఈడ ఎవరూ చూడరు గదా" అంది. మొహం కనపడకపోవడం ఆమెకి లోటు కాలేదు, చోటు ఇచ్చింది. ముఖాముఖి కలవడమే నిండైన కలయిక అని మనం తరచూ రాసే మాట, చూపుల కింద నలిగిన మనుషుల విషయంలో పూర్తిగా నిజం కాదేమో.

బల్ల విషయంలో మాత్రం ఫోను పనికిరాలేదు. ఏప్రిల్ 5న ఎవరింట్లో వాళ్లు రొట్టె పెట్టుకుని, అయ్యగారు ఫోనులో ప్రార్థన చేస్తే తీసుకుందామా అనే మాట వచ్చింది. ప్రపంచమంతా చర్చిలు అప్పుడు ఇదే వాదించుకుంటున్నాయి. కొందరు సరేనన్నారు, కొందరు తిరిగి కలిసేదాకా ఉపవాసముండటమే మేలన్నారు. మా అయ్యగారు ఒప్పుకోలేదు: రొట్టె అభిషిక్తుడి చేతి మీదుగా రావాలి. పెద్దమ్మ కూడా వద్దనే అంది గానీ కారణం వేరు. "ఒక్కదాన్నే తింటే అది అన్నమే. పక్కన ఇంకో చెయ్యి ఉంటేనే బల్ల" అంది. ఒకే నిర్ణయం, రెండు లోకాలు. అయ్యగారికి సంస్కారం పైనుంచి కిందికి వస్తుంది, పెద్దమ్మకి పక్కనుంచి పక్కకి.

అంతకన్నా చిన్న సంగతి ఒకటి ఎవరూ ఎత్తలేదు. ఆ 'అభిషిక్త హస్తం' అందుకునేముందు రొట్టె చేసేదీ, అయిపోయాక ఆ చిన్న గాజు గ్లాసులన్నీ కడిగి తుడిచి పెట్టెలో సర్దేదీ ఒక విధవ. మిగతా వారమంతా ఆమె మార్కాపురంలో ఇళ్లల్లో అంట్లు తోముతుంది. గుళ్లో తోమిన అంట్లకీ ఊళ్లో తోమిన అంట్లకీ ఆమె చేతుల్లో తేడా లేదు. "ఈడ గ్లాసు కడిగితే మనసు చల్లబడతాది" అనేది. ఆమె గురించి మళ్లీ చెబుతాను.

ఏప్రిల్‌లో పల్నాడు మిరప చేలకి కోతకి పోయినవాళ్లు తిప్పలుపడి తిరిగొచ్చారు. వాళ్లను ఊరి బడిలో ఉంచారు. రోగం మోసుకొచ్చారని పల్లెలోనే గుసగుసలు. అంటరానివాళ్లుగా బతికినవాళ్లు తమలోనే కొత్త అంటరానివాళ్లను చేసుకోవడానికి మూడు రోజులు పట్టలేదు. దాన్ని ఆపింది ప్రసంగం కాదు, పిడికెడు బియ్యం. అన్నం వండే ప్రతిసారీ ఒక పిడికెడు పక్కకి తీసి గుడికి ఇవ్వడం సంఘపు ఆడవాళ్ల పాత అలవాటు. ఆ బియ్యం వండి బడి గోడ మీద పెట్టి, పదడుగులు వెనక్కి జరిగి నిలబడేవాళ్లు. లోపలివాళ్లు తీసుకునేదాకా పోయేవాళ్లు కాదు. ఏదో ఒకటి మాట్లాడుతూ, పేర్లు పెట్టి పిలుస్తూ. మాలపల్లె గుడివాళ్లు కూడా రెండో వారంలో బియ్యం కలిపారు. 'కలిపారు' అని ఊరికే అనడం లేదు. ఒకే అండాలో రెండు పల్లెల బియ్యం ఉడకడం ఆ ఊళ్లో ఎంత పెద్ద సంగతో ఆ ఊరివాళ్లకే తెలుసు. అది సాగిందా అంటే, బడి ఖాళీ అయ్యాక ఆగిపోయింది.

దూరంగా పోయి నిలబడటం, దూరంగా నిలబడి ఎదురుచూడటం ఒకటి కాదని ఆ గోడ దగ్గర తెలిసింది. అంటరానితనం కూడా దూరం నుంచి అన్నం వేసింది, దోసిట్లోకి, పైనుంచి. అక్కడ వేసినవాళ్లు నిలబడి పేరు పెట్టి పిలవలేదు.

2020 జూన్ 8న గుళ్లు తెరవొచ్చన్నారు. అరవై అయిదు దాటినవాళ్లు, గర్భిణులు, పదేళ్ల లోపు పిల్లలు ఇంట్లో ఉండటం మేలన్నారు. బృందగానం వద్దన్నారు. పాటకీ రోగానికీ ఏం సంబంధమని పల్లెలో అందరికీ ఆశ్చర్యం. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఆ మార్చి 10న ఒక గాయక బృందం సాధనకి 61 మంది చేరితే 53 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు. నేనిది చెబితే ఎవరూ మాట్లాడలేదు. మా గుళ్లో పాట ఆడవాళ్లది. వాక్యం మగవాళ్ల చేతిలో ఉన్నన్నాళ్లూ ఆడవాళ్ల దేవశాస్త్రమంతా పాటలోనే ఉంది; ఏ చరణం ఎన్నిసార్లు తిప్పి పాడాలో నిర్ణయించేది వాళ్లు. అటువంటిది వద్దన్నారు. ఒప్పుకున్నారు. ఒకరు మాటలు మెల్లగా చదివితే మిగతావాళ్లు తొడ మీద అరచేత్తో తాళం వేసేవాళ్లు. నేను విన్న ఆరాధనల్లో అంత బరువైనది ఇంకొకటి లేదు.

వాకిట్లో శానిటైజర్ సీసా పెట్టాలంటే మాత్రం ఆడవాళ్లు ససేమిరా అన్నారు. ఆ జూలై ఆఖర్న కురిచేడులో మందు దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. కురిచేడు మాకు దగ్గర. అక్కడి ఆడవాళ్లకి జరిగింది మాకు వద్దని, బకెట్టు, చెంబు, సబ్బు పెట్టారు. దాంతో గుడి వాకిలి మళ్లీ నీళ్లు మోసే ఆడవాళ్ల పనైందనుకోండి. సంఘం 'పరిస్థితులకి తగ్గట్టు మారింది' అని మెచ్చుకునేటప్పుడు ఆ మారిన సంఘమెవరో ఒకసారి చూడాలి. మారడానికి మన దగ్గర ఆడపిల్లలకి పుట్టినప్పటినుంచి నేర్పే మాట ఒకటుంది, సర్దుకుపోవడం. నాకు ఆ మాట పడదు. కానీ ఆ రెండేళ్లూ ఆ ఆడవాళ్లు చేసింది సర్దుకుపోవడం కాదు. సర్దుకుపోవడంలో నిర్ణయం ఇంకొకరిది. ఇక్కడ నిర్ణయమూ వాళ్లదే, మోతా వాళ్లదే. ఆ సగమే మారింది.

ఒక చిన్న సంగతి. జాషువాది మాకు ఆనుకునే ఉన్న వినుకొండ. 1941లో ఆయన తన మొరని గబ్బిలం చేత పంపాడు, దాన్ని గుళ్లోకి రావద్దనేవాడు లేడు గనక. 2020లో లోకం మొత్తం గబ్బిలాన్నే ముద్దాయి చేసింది. మాస్టర్ల ఇళ్లల్లో ఈ జోకు చెబితే నవ్వారు. పల్లెలో నవ్వు వేరే వచ్చింది. టీ కొట్లు తెరిచాక అందరికీ పేపరు గ్లాసుల్లోనే పోశారు. "ఇప్పుడు అందరిదీ వేరే గ్లాసే గదా, ఇన్నేండ్లకి సమానమైనాం" అన్నాడు మా చిన్నాయన.

2021 ఏప్రిల్, మే నెలలు నవ్వడానికి ఏమీ మిగల్చలేదు. పల్లెలో ఆడవాళ్లెవరు చనిపోయినా శవానికి స్నానం చేయించేది మా పెద్దమ్మ. యాభై ఏళ్లుగా. గోరువెచ్చని నీళ్లు, పసుపు, తల దువ్వడం, చీర కట్టడం. బతికున్నప్పుడు ఎవరూ అంత ఓపిగ్గా తాకని ఒంటిని చివరికొకసారి ఓపిగ్గా తాకడమది. మే నెలలో ఆమె చెల్లెలు పోయింది. ఆసుపత్రి నుంచి శవం మూటగా వచ్చింది, విప్పకూడదు. నలుగురు మగవాళ్లు తొడుగులేసుకుని దించారు. పెద్దమ్మ రోడ్డు మీద నిలబడి చూసింది.

సువార్తల్లో ఈస్టర్ తెల్లవారుజామున సమాధి దగ్గరికి వెళ్లిన ఆడవాళ్లు సుగంధ ద్రవ్యాలతో వెళ్లింది ఇందుకే, ఆ ఒంటికి చేయాల్సింది చేయడానికి. వాళ్లకి ఒళ్లు దొరకలేదు. యోహాను చెప్పిన కథలో, లేచిన యేసు మగ్దలేనే మరియని తనని తాకవద్దంటాడు. ఈ తాకవద్దనడం నన్ను చిన్నప్పటినుంచీ ఇబ్బందిపెట్టింది. పన్నెండేళ్లు రక్తస్రావంతో అంటరానిదై ఉన్న ఆడది వెనకనుంచి వచ్చి అంగీ ముట్టుకుంటే తిట్టకుండా నిలబడి మాట్లాడినవాడు, ఈమెనెందుకు వద్దంటాడు? గుళ్లో ఎవరూ బోధించకపోయినా, ముట్టు రోజుల్లో బల్ల దగ్గరికి రాని పెద్దామెలు మా సంఘంలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లని చూసినప్పుడల్లా ఆ రెండు కథలూ నాలో పోట్లాడుకుంటాయి. వ్యాఖ్యానకర్తలు చాలా చెప్పారు. నాకు పనికొచ్చింది ఒకటే: ఆ మాటకి ముందు అతను ఆమెని పేరు పెట్టి పిలుస్తాడు; తర్వాత ఆమెకొక పని చెప్పి పంపుతాడు. బడి గోడ దగ్గర జరిగింది కూడా అదే. పేరు పిలిచి అడిగే దూరం, పేరు లేకుండా పెట్టే దూరం.

ఈ వివరణ మా పెద్దమ్మకి చెప్పాను. వింది. "అయినా నా చెల్లెల్ని నేను కడగలేదు గదా" అంది. వారం తర్వాత చెల్లెలి చీరలు మూడు తెచ్చి, బోరు దగ్గర కూర్చుని, ఒక్కొక్కటీ నెమ్మదిగా ఉతికింది. పసుపు నీళ్లలో ముంచి ఆరేసింది. అది స్నానానికి బదులని ఆమె అనలేదు, నేనూ అడగలేదు. కొన్నిటికి బదులు ఉండదు. విశ్వాసం అన్నిటికీ కొత్త రూపం కనిపెట్టుకుంటుందని రాస్తే చదవడానికి బావుంటుంది గానీ, ఆ మే నెలలో పోయింది పోయింది.

ఇక గ్లాసులు కడిగే ఆమె. లాక్‌డౌన్‌లో ఊళ్లో ఇళ్లవాళ్లు రావద్దన్నారు. కొందరు జీతమిచ్చారు, కొందరు ఇవ్వలేదు. మళ్లీ పిలిచినప్పుడు ఒక ఇంట్లో కొత్త ఏర్పాటు: పెరటి వైపునుంచి రావాలి, అంట్లు బయట కుళాయి దగ్గరే తోమాలి, ఆమె తాగే చెంబు బయట గూట్లో ఉంటుంది. రోగం రోజులు గదా అని ఆమెకి తప్పనిపించలేదు. టీకాలు వచ్చాయి, రెండు డోసులూ అందరికంటే ముందు వేయించుకుంది. మాస్కులు పోయాయి. 2023 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి అయిపోయిందని ప్రకటించింది. గుళ్లో చాపలు మళ్లీ దగ్గరికి జరిగాయి. ఆ ఇంట్లో చెంబు మాత్రం ఇప్పటికీ గూట్లోనే ఉంది.

దూరానికి కారణం రోగమైతే రోగంతోపాటే పోవాలి. పోలేదంటే కారణం మొదటినుంచీ వేరే ఉంది, రోగం దానికి మర్యాదైన పేరు ఇచ్చిందంతే. మొదట అడిగిన ప్రశ్నకి నాకు దొరికిన గట్టి ఆధారం ఈ చెంబే. ఉద్దేశాలు ఎవరి మనసులో ఏమున్నాయో తూచలేం. ఆ ఇంటావిడ మంచిదే, పండక్కి చీర కూడా పెడుతుంది. కానీ దూరం అడిగినరోజే అది ఎప్పుడు ముగుస్తుందో అడిగించుకునే హక్కు రెండోవాళ్లకి ఉందా? సంఘంలో ఆమె ప్రతి నెలా అడిగింది: "పాట ఎప్పుడు? బల్ల ఎప్పుడు?" ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సి వచ్చింది. ఆ ఇంట్లో ఆమె ఇంతవరకు అడగలేదు. అడిగితే పని పోతుంది.

అట్లాగని గుడిని మరీ పైకెత్తను. ఐదుగురి ఫోను గుంపులు 2021 చివరికల్లా ఆగిపోయాయి. చూపుల్లేని చోట ప్రార్థన చేసిన ఆమె తిరిగి వెనక వరస చాప మీదికి వెళ్లింది. పుల్‌పిట్ ఎక్కడిదక్కడే ఉంది. మహమ్మారి కాలంలో సంఘం ఎట్లా నిలబడిందో చెప్పే సాక్ష్యాల కూటం ఒకటి జరిగితే మాట్లాడిన ఆరుగురూ మగవాళ్లే. పెద్దమ్మని చివరి ప్రార్థన చేయమన్నారు. చేసింది, చాలా పొడుగ్గా. గోడ మీద పెట్టిన అన్నం, తాళం వేసిన తొడలు, ఉతికిన చీరలు, అందరి పేర్లూ అందులో పెట్టి దేవుడికి చెప్పింది. మధ్యలో ఆపడానికి ప్రార్థనని ఎవరూ ఆపలేరు గదా.

ఇప్పుడు నడుస్తున్న తగువు గ్లాసుల మీద. బల్ల తిరిగి మొదలైనప్పుడు శుభ్రతకని మూత వేసిన చిన్న ప్లాస్టిక్ కప్పులు తెప్పించారు. మీద రొట్టె ముక్క, కింద ద్రాక్షారసం, తాగి పారేయడమే. కుర్రవాళ్లకి అవే నచ్చాయి. ఎవరూ తోమక్కర్లేదు, ఆమెకి కూడా ఒక పని తగ్గిందని అంటున్నారు. గాజు గ్లాసులు పెట్టెలో ఉన్నాయి, పెట్టె తాళం ఆమె దగ్గరే ఉంది. "నాకు పని తగ్గించమని నేనెప్పుడు అడిగినా?" అని ఆమె స్త్రీల సమాజంలో ఎత్తింది. ప్లాస్టిక్ ఖర్చని కొందరు, గాజైతే మళ్లీ రోగాలొస్తే ఎట్లా అని కొందరు, అసలు ఆడామె ఒక్కతే ఎందుకు కడగాలి, మగపిల్లలు కూడా వంతు వేసుకోవాలని నాతోపాటు ఇద్దరు ముగ్గురు. పెద్దమ్మ ఏమీ తేల్చలేదు. వచ్చే నెల మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక మళ్లీ కూర్చుందామన్నారు.